డెట్రాయిట్ సిటీని రెండో తరగతి జట్టు అనకండి

మొన్న దసరాకు షోలాపూర్‌లో మన ఇంట్లో అందరం కూడినప్పుడు ఒక వాదన లేచింది. మా అన్న కొడుకు పుణె నుంచి వచ్చాడు. వాడికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం, అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ చూస్తాడు. పోయిన ఏడు అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు నేనూ ఒక ఆట చూశానని చెప్పాను.

"ఏ టీము కాకా? మెస్సీదా?"

"కాదురా. డెట్రాయిట్ సిటీ."

"అయ్యో, అది సెకండ్ డివిజన్ గదా! అంత దూరం పోయి గదా నువ్వు చూసింది?" అని నవ్వాడు. వాడితో పాటు పిల్లలంతా నవ్వారు. నాకు కోపం వచ్చింది గానీ, ఆటల సంగతి వాళ్ళకు తెలిసినంత నాకు తెలియదు కాబట్టి అప్పుడు నోట మాట రాలేదు. తర్వాత కూర్చుని ఆలోచించాను, అల్లుణ్ణి ఫోనులో నాలుగు సంగతులు అడిగాను, కొంత చదివాను. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. వాడు చదువుతాడని తెలుసు.

ముందు ఆ 'సెకండ్ డివిజన్' సంగతి తేల్చుకుందాం. ఇంగ్లండులో కింది మెట్టు జట్టు బాగా ఆడితే పై మెట్టుకు పోతుంది, పై జట్టు చెడిపోతే కిందికి దిగుతుంది. కాబట్టి అక్కడ రెండో డివిజన్ అంటే ఆటలో రెండో స్థాయి అని అర్థం చెప్పుకోవచ్చు. అమెరికాలో అట్లా కాదు. అక్కడ పై మెట్టు మేజర్ లీగ్ సాకర్. దాని కింద యూఎస్‌ఎల్ చాంపియన్‌షిప్. డెట్రాయిట్ సిటీ ఆడేది ఇందులో. కింది లీగులో వరసగా పదేళ్ళు కప్పు గెలిచినా పై లీగు తలుపు తెరుచుకోదు. దానికి డబ్బు కట్టాలి. 2023లో శాన్ డియేగో వాళ్ళు మేజర్ లీగులో చోటు కోసం 50 కోట్ల డాలర్లు కట్టారు. అప్పటికి ఆ జట్టుకు ఆటగాళ్ళు లేరు, మొదటి ఆట 2025లో ఆడింది. అంటే బంతి తన్నకముందే మొదటి తరగతి అయిపోయింది! మరి తరగతి అనే మాటకు అక్కడ అర్థమేమిటో నా పుణె పండితుడే చెప్పాలి. రైలులో ఫస్ట్ క్లాసు టికెట్ కొన్నవాణ్ణి మనం ఫస్ట్ క్లాసు మనిషి అంటామా?

రెండో డివిజన్ అన్నా ఊరికే రాదు, అదీ చెప్పాలి. ఆ దేశపు సాకర్ సమాఖ్య కొన్ని నిబంధనలు పెట్టింది. రెండో డివిజన్ జట్టుకు ముఖ్య యజమాని ఆస్తి కనీసం రెండు కోట్ల డాలర్లు ఉండాలి, మైదానంలో కనీసం ఐదు వేల సీట్లు ఉండాలి. మొదటి డివిజన్‌కైతే పదిహేను వేల సీట్లు. ఈ పదిహేను వేల లెక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ఈ జట్టు పుట్టుక. 2010లో షాన్ మాన్ అనే అతను డెట్రాయిట్‌లో పేటలవారీగా జట్లు కట్టి సరదా ఆటల పోటీ ఒకటి మొదలుపెట్టాడు. మన పూర్వభాగ్ పిల్లలు గల్లీకొక క్రికెట్ టీము కడతారే, దాదాపు అదే. దాంట్లోంచి 2012లో ఐదుగురు స్నేహితులు కలిసి డెట్రాయిట్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ పెట్టారు. కాస్ టెక్ అనే ప్రభుత్వ హైస్కూలు మైదానంలో ఆడేవాళ్ళు. మరుసటి ఏడు, 2013లో, డెట్రాయిట్ నగరపాలక సంస్థ దివాలా పిటిషన్ పెట్టింది. అమెరికాలో అప్పటిదాకా ఏ నగరమూ అంత పెద్ద దివాలా తీయలేదు. అట్లాంటి ఊరి పేరు చొక్కా మీద రాసుకుని ఆడిన పిల్లలు వీళ్ళు. 1805లో ఆ ఊరు మొత్తం కాలిపోయినప్పుడు ఒక ఫ్రెంచి పాదిరి రాసిన లాటిన్ మాట ఇప్పటికీ నగర ముద్ర మీద ఉంది. మంచి రోజులు వస్తాయని ఆశ పడుతున్నాం, బూడిదలోంచి మళ్ళీ లేస్తుంది అని దాని భావం. ఆ ఫ్రెంచివాళ్ళ జ్ఞాపకంగానే జట్టుకు 'లె రూజ్' అని ముద్దు పేరు. రూజ్ అంటే ఎరుపు. చొక్కాలు మాత్రం ఎరుపు కాదు, మన పెళ్ళి చీరల్లో కనబడే ముదురు వంకాయ ఎరుపు, దానికి బంగారు అంచు. మా ఆవిడకు నచ్చినది ఆ రంగొక్కటే!

హైస్కూలు మైదానం చాలక వాళ్ళు 2016లో హామ్‌ట్రామిక్ అనే ఊళ్ళోని కీవర్త్ స్టేడియానికి వచ్చారు. నాకు అసలు చెప్పాలని ఉన్నది ఈ ఊరి గురించి.

హామ్‌ట్రామిక్ విడి ఊరే గానీ దాదాపు నాలుగు వైపులా డెట్రాయిట్ నగరమే. మొత్తం ఐదున్నర చదరపు కిలోమీటర్లు, 2020 లెక్కల ప్రకారం 28 వేల పైచిలుకు జనం. 1910లో ఇక్కడ మూడున్నర వేల మంది ఉండేవాళ్ళు. డాడ్జ్ అన్నదమ్ములు మోటారు ఫ్యాక్టరీ పెట్టారు. 1920 వచ్చేసరికి జనం 48 వేలు దాటారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పోలండు నుంచి వచ్చిన కూలీలు. ఈ లెక్క అల్లుడు చెబుతుంటే నాకు మన తాత గుర్తొచ్చాడు. 1877లో ఇక్కడ జూనీ మిల్లు పెట్టాక తెలంగాణ పల్లెల నుంచి మన పద్మశాలీలు మగ్గాలు వదిలి ఎట్లా వచ్చారో, మిల్లు భోంగా మోగితే ఊరు ఊరంతా ఎట్లా లేచేదో ఆయన చెబుతుండేవాడు. అక్కడా అంతే. ఆ డాడ్జ్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. ఆ వెంటనే పక్కనే జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ కోసం ప్రభుత్వం పోలిష్ పేట ఒకటి మొత్తం ఖాళీ చేయించింది. నాలుగు వేలకు పైగా మనుషుల్ని, చర్చీలతో సహా. జనం కోర్టుకు పోయారు, 1981లో ఓడిపోయారు. ఇదే కోర్టు 2004లో అప్పటి తీర్పు తప్పని ఒప్పుకుంది. ఇళ్ళు పోయినవాళ్ళకు అది ఏం పనికొస్తుంది?

పోలిష్ వాళ్ళు శివార్లకు పోతుంటే వాళ్ళ ఇళ్ళలోకి యెమెన్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు వచ్చారు. 2022లో ఊరి కౌన్సిలు మొత్తం ముస్లింలదే అయింది. ఎన్నికల బ్యాలెట్ కాగితం బెంగాలీలో కూడా అచ్చు వేయాలని 2011లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. నేను ముప్పై ఏళ్ళు తెలుగు మీడియం పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఏటేటా బెంచీలు ఖాళీ అవడం చూసినవాణ్ణి. అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో బెంగాలీ బ్యాలెట్ అంటే నాకు ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

కీవర్త్ స్టేడియం ఈ ఊరి బడులదే. 1930లలో పని లేక జనం అల్లాడుతున్నప్పుడు ప్రభుత్వం పని చూపించడానికి కట్టించిన వాటిలో ఇదొకటి. 1936లో ఎన్నికల ప్రచారానికి వచ్చిన ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ దీన్ని ప్రారంభించాడు. ఎనభై ఏళ్ళకు కాంక్రీటు మెట్లు పెచ్చులూడిపోయాయి. బాగు చేయించడానికి బడుల దగ్గర డబ్బు లేదు, క్లబ్బు దగ్గరా లేదు. అప్పుడు క్లబ్బు ఏం చేసిందంటే, తన అభిమానుల్నే అప్పు అడిగింది. ఐదు వందల పైచిలుకు మంది కలిసి 7,41,250 డాలర్లు ఇచ్చారు. చందా కాదు, రాబడిలోంచి వడ్డీతో తీర్చే అప్పు. తన సొంతం కాని మైదానానికి, ఊరి బడిపిల్లలు ఆడుకునే మైదానానికి పెట్టిన డబ్బు అది.

2020లో కరోనా వచ్చి గేట్లు మూసినప్పుడు ఇంకో పని చేశారు. క్లబ్బులో పదో వంతు దాకా వాటాను మామూలు జనానికి అమ్మకానికి పెట్టారు. రెండు వేలకు పైగా మంది కొన్నారు. మన వాళ్ళకు ఇట్లాంటివి కొత్త కాదు. మా నాయిన ట్రంకు పెట్టెలో ఒక సహకార సంఘం షేరు కాగితం ఇప్పటికీ ఉంది. డివిడెండు ఎన్నడూ రాలేదు, సంఘమూ లేదు. అందుకే ఈ షేర్ల కథ వినగానే నేను ముచ్చటపడలేదు, అనుమానపడ్డాను. పది పాళ్ళతో పెత్తనం రాదు, మిగతా తొంభై పాళ్ళు ఎవరి దగ్గర ఉంటే మాట వాళ్ళదే. ఆ సంగతి కొన్నవాళ్ళకూ తెలుసని అల్లుడు అన్నాడు. "లాభం కోసం కాదు మామయ్యా, టీము ఊరొదిలి పోకుండా ఉండాలని" అన్నాడు. అమెరికాలో యజమానికి నచ్చకపోతే జట్టును మూటగట్టి వేరే ఊరికి తీసుకుపోతాడట. ఇది నాకు అంతవరకు తెలియదు.

ఇంకో సంగతి కూడా వినాలి. 2016లో, సరిగ్గా వీళ్ళు కీవర్త్ మెట్లు బాగు చేసుకుంటున్నప్పుడే, ఇద్దరు కోటీశ్వరులు డాన్ గిల్బర్ట్, టామ్ గోర్స్ డెట్రాయిట్‌కు మేజర్ లీగ్ జట్టు తెస్తామని ప్రకటించారు. నడి ఊళ్ళో సగం కట్టి వదిలేసిన జైలు స్థలంలో కొత్త స్టేడియం అన్నారు. తర్వాత అది కాదు, ఉన్న ఫోర్డ్ ఫీల్డ్‌లోనే ఆడిస్తామన్నారు. చివరికి ఏదీ కాలేదు, లీగు వేరే ఊళ్ళను ఎంచుకుంది. ఆ రెండు మూడేళ్ళూ డెట్రాయిట్ సిటీ పని అయిపోయిందనే అనుకున్నారట అందరూ. పెద్ద జట్టు వస్తే చిన్న జట్టును చూసేదెవరు? కానీ ప్రతి శనివారం కీవర్త్‌కు జనం వస్తూనే ఉన్నారు. కోటీశ్వరుల జట్టు కాగితం మీదే ఉండిపోయింది.

నేను చూసిన రోజు సంగతి కొంచెం చెప్తాను. ఎండాకాలం సాయంత్రం. కారు దూరంగా ఆపి ఇళ్ళ మధ్య సందుల్లోంచి నడిచాం. అరుగుల మీద ముసలివాళ్ళు లుంగీలు కట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఒకాయన సలాం చేశాడు, నన్ను సిల్హెట్ మనిషి అనుకున్నాడో ఏమో. అంతలో వెనక నుంచి డప్పులు. 'నార్తర్న్ గార్డ్' అని ఈ జట్టు వీరాభిమానులు. మొహాలకు రంగులు, పుర్రెల బొమ్మలు, జెండాలు. ఊరేగింపుగా స్టేడియానికి వస్తున్నారు. నారళి పున్నమి నాడు మన మార్కండేయ రథోత్సవంలో కుర్రవాళ్ళు లేజిం ఆడుతూ వచ్చినట్టే అనిపించింది, ఒక్క తేడా, వీళ్ళ చేతుల్లో బీరు ఉంది.

లోపల ఆరు వేల దాకా జనం ఉంటారు. పడితే ఎనిమిది వేలలోపు. గోలు పడగానే రంగు పొగ గుప్పున లేచింది, నాకు దగ్గు ఆగలేదు. ఇక వాళ్ళ పాటలు! ఒక్కటీ ఇక్కడ రాయదగ్గది కాదు. మా మనుమరాలు తొమ్మిదేళ్ళది, అన్నీ చక్కగా వింటోంది. మా అమ్మాయి దాని చెవులు మూసింది, అది వేళ్ళ సందుల్లోంచి నవ్వుతోంది. ఇది నాకు నచ్చలేదు, నచ్చిందని రాయను. కానీ ఆట అయిపోయాక ఆటగాళ్ళు ఒక్కొక్కరూ ఆ గుంపు దగ్గరికి నడిచి వచ్చి చేతులు కలిపారు. మనుమరాలి చొక్కా మీద గోలీ సంతకం చేసి, బడి ఎట్లా ఉందని అడిగాడు. మేజర్ లీగులో ఆ గోలీని టీవీలోనే చూడాలి.

ఆటలో పస లేదని ఎవరైనా అంటే, 2022 ఏప్రిల్ సంగతి చెప్పండి. అమెరికాలో ఓపెన్ కప్ అని వంద ఏళ్ళు దాటిన పోటీ ఒకటి ఉంది. దాంట్లో అన్ని మెట్ల జట్లూ ఒకదానితో ఒకటి తలపడవచ్చు. ఆ ఏడు కొలంబస్ క్రూ అనే జట్టు కీవర్త్‌కు వచ్చింది. 2020లో మేజర్ లీగ్ కప్పు గెలిచిన జట్టు అది. ఆ రాత్రి డెట్రాయిట్ సిటీ 2-1తో గెలిచింది. ఆ ఏడే వీళ్ళు యూఎస్‌ఎల్ చాంపియన్‌షిప్‌లో అడుగు పెట్టారు. ఒక్క గెలుపుతో ఆకాశం విరిగి పడదు, ఆ మాట నిజమే. పై జట్టు ఆటగాళ్ళకు జీతాలూ సదుపాయాలూ ఎక్కువ, పది ఆటలు ఆడితే ఎక్కువ వాళ్ళే గెలుస్తారు. కానీ ఒకే మైదానం మీద నిలబడే హక్కు ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న.

ఆ హక్కు గురించే ఇప్పుడు కొంత కదలిక వచ్చింది. 2025 మార్చిలో యూఎస్‌ఎల్ క్లబ్బుల యజమానులు, తమ లీగుల మధ్య ఎక్కడం దిగడం పెట్టాలని ఓటు వేశారు. 2027-28 నుంచి మొదలవుతుందట. తామే ఒక మొదటి డివిజన్ లీగు కూడా పెడతామని దానికి నెల ముందే ప్రకటించారు. మేజర్ లీగ్ తలుపు మాత్రం ఎప్పటిలాగే మూసే ఉంది. అయినా ఇది మంచి పని అనే నా అభిప్రాయం, దిగిపోయే ప్రమాదం డెట్రాయిట్ సిటీకీ ఉన్నా సరే.

అసలు దిగులు వేరే ఉంది. క్లబ్బు కీవర్త్ వదిలి పోతోంది. డెట్రాయిట్ నగరంలోనే కార్క్‌టౌన్ అనే పేటలో, ఏళ్ళ తరబడి పాడుబడి ఉన్న ఆసుపత్రి స్థలాన్ని కొన్నారు. 2024లో ఆ సంగతి చెప్పారు. 2027కు అక్కడ కొత్త స్టేడియం లేపాలని తలపెట్టారు. ఫోర్డ్ కంపెనీ బాగు చేయించి 2024లో తెరిచిన పాత పెద్ద రైల్వే స్టేషను అక్కడికి దగ్గరే. స్టేడియానికి అలుమ్నైఫై ఫీల్డ్ అని పేరు. అది ఒక పరపతి సంఘం వ్యాపార పేరు, మన పతసంస్థ లాంటిది. ఎన్ని సీట్లో తెలుసా? పదిహేను వేలు. పైన గుర్తు పెట్టుకోమన్న లెక్క ఇదే.

పోవద్దని నేను అనను. కీవర్త్ బడి మైదానం. దీపాలు, గదులు, మరుగుదొడ్లు ఎన్నిసార్లు అతుకులు వేసినా అతుకులే. పైకి పోవాలంటే సీట్లు కావాలి, సొంత చోటు కావాలి. అద్దె ఇంట్లో ఎన్నేళ్ళున్నా మేకు కొట్టాలంటే ఓనరును అడగాల్సిందే. మన తాతలు అద్దె చాళ్ళలోంచి సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు ఎవరూ తప్పు పట్టలేదు.

కానీ రెండు మాటలు గట్టిగా అనాలని ఉంది. టికెట్ ధర ఒకటి. ఆరు వేల మంది రావడానికి కారణం నలుగురున్న సంసారం ఖర్చు చూసుకోకుండా రాగలగడం. కొత్త కుర్చీలకు కొత్త రేట్లు పెట్టి, డప్పు కొట్టేవాళ్ళను మూలకు నెట్టి, అద్దాల గదులు కంపెనీలకు అమ్మితే, అప్పుడు అది కోటీశ్వరులు 2016లో తెస్తామన్న జట్టే అవుతుంది, చొక్కా రంగు వేరే అంతే.

రెండోది హామ్‌ట్రామిక్. పదేళ్ళు అన్నం పెట్టిన ఊరు. నిజం చెప్పాలంటే ఈ పదేళ్ళలోనూ ఆ ఊరికి క్లబ్బు పూర్తిగా దగ్గరైందని నాకు అనిపించలేదు. నేను పోయిన రోజు వీధుల్లో కనబడినంత మంది బంగ్లా, యెమెన్ మనుషులు లోపల కనబడలేదు. కంచె అవతల సైకిళ్ళ మీద పిల్లలు నిలబడి చూస్తున్నారు. బీరు, బూతు పాటలు ఉన్న చోటికి వాళ్ళ అమ్మానాన్నలు పంపరు, ఆ బాధ మా అమ్మాయికే కలిగిందిగా. ఫ్యాక్టరీ వచ్చింది, పోయింది. పేటను పడగొట్టారు. ఇప్పుడు ఆటా పోతోంది. పోయేవాళ్ళు ఆ మైదానాన్ని బాగా చేసి బడిపిల్లలకు అప్పగించాలి, తమ పిల్లల జట్ల ఆటలు, ఆడవాళ్ళ జట్టు ఆటలు కొన్నైనా అక్కడ ఆడించాలి. అప్పిచ్చిన ఐదు వందల మంది బాగు చేయించిన మెట్ల మీద మళ్ళీ గడ్డి మొలిస్తే అది ఆ క్లబ్బుకు అప్రతిష్ఠ.

చివరగా డెట్రాయిట్ శివార్లలో ఉన్న మనవాళ్ళతో ఒక మాట. ట్రాయ్, నోవై, కాంటన్ దిక్కు తెలుగువాళ్ళు తక్కువేం లేరు. చాలామంది కార్ల కంపెనీల ఉద్యోగాలే. ఉగాదికి, బతుకమ్మకు హాళ్ళు నిండుతాయి, సంతోషమే. కానీ ఆ ఊరివాళ్ళ పండుగకు మనం పోతామా? మా అల్లుడు పదకొండేళ్ళుగా అక్కడ ఉండి, నేను పోదామంటేనే మొదటిసారి కీవర్త్‌కు వచ్చాడు. షోలాపూర్‌లో మన తాతలు గణపతి మండళ్ళలో చందా కట్టి, సిద్ధేశ్వరుడి గడ్డా జాత్రలో తిరిగి, మరాఠీ, కన్నడం నేర్చుకుని ఈ ఊరివాళ్ళయ్యారు. ఇంట్లో తెలుగు ఇంట్లోనే ఉంది. ఎవరూ వాళ్ళను పిలిచి కుర్చీ వేయలేదు, వాళ్ళే పోయి నిలబడ్డారు.

మా మనుమరాలు ఈ ఏడు నాలుగు ఆటలకు పోయిందట. పాటల్లో ఏవి పాడకూడదో దానికి ఇప్పుడు బాగా తెలుసట, అంటే అన్నీ వచ్చేశాయని అర్థం.

కొత్త స్టేడియం లేచేలోగా కీవర్త్‌లో ఒక్క ఆటైనా చూడండి. నా పుణె పండితుడికీ ఇదే చెబుతున్నా, ఆఫీసు పని మీద అటు పోతే అక్కా బావలకు ఫోను చెయ్యి, తీసుకుపోతారు. సీజను ఎండలు రాకముందే మొదలవుతుంది. చలికోటు మరిచిపోవద్దు, ఆ కాంక్రీటు మెట్లు ఏప్రిల్‌లో కూడా మంచుగడ్డల్లా ఉంటాయి. కింద వేసుకోవడానికి మన షోలాపూర్ చాదర్ ఒకటి తీసుకుపో.